ఊడ్వక ముందు

ముప్పయ్యేళ్ళుగా నేను మనుషులకు చెప్పే మాటలు మూడే.
గడ్డం కొంచెం కిందికి.
భుజాలు సమంగా.
రెప్ప వెయ్యొద్దు.

ఇప్పుడీ కానుగ చెట్టు ముందు
మోకాళ్ళ మీద కూర్చుంటే
దీనికేం చెప్పాలో తోచడం లేదు.

పొద్దున ఆరు. పార్కు గేటు సగమే తెరిచారు.
కొండ మీద మబ్బింకా లేవలేదు,
మెట్లదారి దీపాలు మాత్రం
వరసలు వరసలుగా ఆరిపోతున్నాయి.

రాత్రంతా రాలింది చెట్టు.
సిమెంటు బెంచీ మీద, జారుడుబండ మీద,
ఎవరో మరిచిపోయిన ఒంటి చెప్పులో కూడా
బొరుగులు ఒలికినట్టు పూలు.
తెలుపు అందామంటే అంచున వంకాయ చాయ,
ఊదా అందామంటే
దగ్గరికెళ్ళేసరికి తెల్లబోతుంది.

నా స్టూడియో రైల్వే స్టేషను కెదురుగా.
గుండుకు పూసిన చందనం ఆరకముందే వస్తారు జనం.
ఏదో ఉద్యోగానికి అప్లికేషనంట, సాయంత్రమే ఆఖరంట,
"అన్నా, కంప్యూటర్లో కొంచెం జుట్టు పెట్టవా?"
పెడతాను.
ఎవరి జుట్టో, ఎవరి తలో.
పదకొండు రకాల క్రాపులున్నాయి నా దగ్గర.
ఎడమ పాపిడి క్రాపు ఒక్కటే
ఎంతమందిని గుమాస్తాలను చేసిందో, కానిస్టేబుళ్ళను చేసిందో.
దాని అసలు సొంతదారు చాంద్‌బాషా
బైరాగిపట్టెడలో ఆటో తోలుతున్నాడు,
ఇప్పుడు బట్టతల.

అవతలి చెట్టు పేరు నాకు తెలీదు.
కాండానికి కొట్టిన రేకు మీద ఉండేది,
ఎండకు ఎగిరిపోయింది.
మాఘంలో ఆకులన్నీ ఇచ్చేసి
నెలరోజులు బోడిగా నిలబడింది.
ఈ వారం చూస్తే, ఒక్క ఆకన్నా లేకుండా
ఒళ్ళంతా గులాబీ.
దీనికెవరూ ఏమీ అతికించలేదు.

పెళ్ళిళ్ళకు డ్రోన్లు వచ్చాక మూలపడ్డ కెమెరా.
లెన్సు మీద బూజు ఒక చుక్క,
అది కూడా పూసినట్టే కనిపిస్తోంది.

చెంగమ్మ చీపురు చప్పుడు
తూరుపు మూల నుంచి దగ్గరౌతోంది.
చీపురు ముందు పూలు,
చీపురు వెనక నేల.

"కొంచేపు ఆగమ్మా" అన్నాను.

"ఎంతసేపు సామీ? ఏడుకంతా దొరవేలు మేస్త్రి వస్తాడు.
ఊడ్చిన నేలను ఫోన్లో ఫోటో తీసి పైకి పంపల్ల.
ఒక్క పువ్వు కనపడినా
ఆ పూట నాకు కూలి లేదు."

అంటే ఆమె కూడా ఫోటో కోసమే వచ్చింది.
ఒకే నేల.
నాకు నిండుగా కావాలి, ఆమెకు బోసిగా.

"సరే, తీసుకో. నేను నీళ్ళు తాగేంత సేపు"
అని చీపురు చెట్టుకానించి కూర్చుంది.
సీసాలో నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి.
మెల్లగా తాగింది.
ఇంకా మెల్లగా మూత పెట్టింది.

ఒక గుత్తి దగ్గర తేనెటీగ,
ఒక గుత్తి దగ్గర గాలి.
నేను ఊపిరి బిగబట్టాను గాని చెట్టు మాత్రం
వెయ్యి రెప్పలూ ఒకేసారి వేస్తూనే ఉంది.
చెప్పినట్టు వినని మొహాన్ని
ముప్పయ్యేళ్ళలో ఇంత ఇష్టంగా ఎప్పుడూ తియ్యలేదు.

ఆమె జాకెట్టు భుజం మీద నాలుగు పూలు పడ్డాయి.
కెమెరా అటు తిప్పాను.

"నన్ను వద్దు సామీ.
నా మొకం అయిదుకే చూసింది ఆ ఫోను.
దినానికి ఒక తూరి చాలు.
కొన్ని దినాలు అది
నన్ను నేను కాదంటాది."

కెమెరా దించాను.

ఊడ్చింది.
తట్టలో పోసిన పూలకు బరువే లేదు,
అయినా నడుము పట్టుకుని లేచింది.

దొరవేలు బండి దిగాడు, ఫోను పైకెత్తాడు.
సరిగ్గా అప్పుడే, గాలైనా లేకుండా,
ఒకటి రాలింది.

చెంగమ్మ వాడికేసి చూస్తూనే
అడుగు జరిపి దాని మీద నిలబడింది.

ఫోటో పడింది. నేల శుభ్రం.
బండి వెళ్ళిపోయింది.

నలభై మూడు తీశాను ఈ పొద్దు.
స్టూడియో తెరిచే లోపు బెంచీ మీదే కూర్చుని
అన్నీ వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాను.
ఆ కాలి కింద ఉన్నది
నా దాంట్లోనూ లేదు.