నాలుగు సెంట్లు

గ్యాలన్ మీద నాలుగు సెంట్లు తక్కువని
శనివారం పొద్దున్నే కాస్ట్‌కో బంకు ముందు
ఇరవై నిమిషాలు వరసలో ఉంటాడు నాన్న.
ఇంజిన్ ఆపేస్తాడు. దాంతోపాటు హీటరూ.
ముక్కు ఎర్రబడ్డాక నేనడుగుతాను,
'ఇంతకీ మనకి మిగిలిందెంత?'
'అరవై సెంట్లు' అంటాడు,
అరవై ఎకరాలు గెలిచినవాడిలా.

అదే మనిషి,
మార్చి నెలలో ఒక రాత్రి, వంటింటి బల్ల మీద
నేను పక్కపక్కన పెట్టిన రెండు కాగితాలూ చూసి
చవకదాన్ని వేలికొనతో అవతలకి జరిపాడు,
పప్పులో రాయిని జరిపినట్టు.

మా ఇలినాయ్‌లోనే చదివితే ఏడాదికి ముప్పై ఎనిమిది వేలు.
సరిహద్దులు దాటి, డకోటాలో, పంతొమ్మిది.
'సగం' అన్నాను.
'సగానికొచ్చిందంటే సగమే ఉంటుంది' అన్నాడు.
కాసేపాగి, గొంతు తగ్గించి,
'నేను కట్టలేననుకున్నావా?'

అమ్మ గిన్నెలు తోముతూ, ఇటు తిరక్కుండానే,
అక్కడి చలికి చెవులు రాలిపోతాయంది.
కరివేపాకు దొరకదంది.
జ్వరమొస్తే నుదురు పట్టుకు చూసేదెవరంది.
మట్టి గురించి చదవడానికి తొమ్మిది గంటల దారా,
అరోరాలో మట్టి లేదా, అంది.
అన్నీ అయ్యాక, కుళాయి కట్టేసి,
అసలు సంగతి అంది:
'పైడిరాజు గారి వాళ్లకి ఏమని చెప్పను?'

చెవులకి టోపీ ఉంది.
కరివేపాకు ఎండబెట్టి పట్టుకెళ్తాను.
మట్టి ఇక్కడా ఉందమ్మా,
దాని మీదంతా పార్కింగే.
జ్వరానికీ, పైడిరాజు గారికీ
నా దగ్గర జవాబు లేదు.

నేను చెప్పనిది ఇంకొకటుంది.
జనవరిలో, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం
లాగింది నేనే.
రిటైర్మెంట్ డబ్బు ముందే తీసుకోడానికి దరఖాస్తు.
ఎందుకు అన్నచోట
పెద్దక్షరాల్లో నా పేరు, మేదిని,
కింద ఇంకా సంతకం లేదు.
అరచేత్తో ముడతలు సాపుచేసి
ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేశాను.
అప్పట్నుంచీ ముప్పై ఎనిమిది వేలంటే
నాకది అంకెలా కనపడటం మానేసింది.
డెబ్బయ్యో ఏట కూడా
ఆఫీసు బ్యాడ్జి మెళ్లో వేసుకుని
చలిలో ఇంజిన్ ఆపుకుని కూర్చున్న
ఒక మనిషిలా కనపడేది.

మూడు వారాలు ఇంట్లో ఎవరం కాలేజీ అనే మాట పలకలేదు.
ఉప్పు అందించమనడానికి కూడా వేలు చూపించాం.
గడువు రేపనగా,
పెరుగన్నం కలుపుతూ, కంచంతో మాట్లాడినట్టు,
'అక్కడ మంచు ఎన్నాళ్లుంటుంది?' అన్నాడు నాన్న.
'ఏప్రిల్ దాకా.'
'ఊఁ.'
అంతే. అవునని ఇప్పటికీ అనలేదు.
ఆ ఊఁ చేతపట్టుకునే నేను బటన్ నొక్కాను.

ఆ ఆదివారం ఫోన్లో అమ్మ గొంతు:
'ఏదో మట్టి సైన్సట వదినా,
అది అక్కడే బాగా చెప్తారట.'
సగం నిజం.
సగానికొచ్చింది కదా.

ఆగస్టులో ఒక శనివారం
బంకు వైపు తిరగకుండా నేరుగా పోనిచ్చాడు.
టైర్ల కొట్టు.
ఇంత ఎండలో మంచు టైర్లా అని కుర్రాడు నవ్వాడు,
లోపలికెళ్లి మూడు రకాలు దొర్లించుకొచ్చాడు.
టమాటాల దగ్గర పది సెంట్లకి పోట్లాడే నాన్న
మోకాళ్ల మీద కూర్చుని
ఒక్కో టైరు గాడిలో వేలు పెట్టి చూశాడు.
'వీటిలో ఏది గట్టిగా పట్టుకుంటుంది?'
ధర అడగలేదు.
'రెండో రకం చాలు నాన్నా, కరోలాకి పదమూడేళ్లు' అన్నాను.
'నువ్వు మాట్లాడకు.'
బిల్లు చూడకుండానే మడిచి జేబులో పెట్టాడు.

తిరిగొస్తుంటే బంకు ముందు పన్నెండు కార్లు.
వెళ్లి పదమూడోదిగా నిలబెట్టాడు.
ఇంజిన్ ఆపేశాడు. ఏసీ కూడా.
వెనక సీట్లో కొత్త రబ్బరు వాసన
ఎండకి ఇంకా ఘాటెక్కుతోంది.
ఇద్దరం అద్దాలు దించుకుని
చెమట తుడుచుకుంటూ కూర్చున్నాం.

ఎంత మిగిలిందని
ఈసారి నేనడగలేదు.