బి సైడు

కావలి ట్రంకురోడ్డులో జిలానీ రికార్డింగ్ సెంటర్.
గూఢచారి సినిమాలు అయిదు వచ్చినయ్యి,
అయిదు టైటిల్ పాటలూ ఎ సైడున ఎక్కించేవాడు.
బి సైడున
నిర్మాత కాదన్నవి.
యాడియ్యి భాయ్ అంటే
బీడీ ముట్టించుకుని
పెన్సిలుతో టేపు చుట్టుకునేవాడు.

ఎ సైడు పాట వస్తానే తుపాకి పేలుస్తుంది.
బాకాలు, కారు కీచుమనడం,
కళ్లు మూసుకున్నా హీరో నల్లద్దాలు.

మూడో సినిమాకి వద్దన్న పాట మటుకు
చెప్పులు బయట విడిచి వస్తుంది.
ఒక్క వయొలిన్,
దాని వెనక ఎవరో వాయిద్యగాడి దగ్గు.
పల్లవి సగంలో ఆగి
చుట్టూ చూసుకుని మళ్లీ నడుస్తుంది.

"అసలు గూఢచారి ఇది అబయా,
వచ్చిపోయినట్టు ఎవురికన్నా తెలిసిందా?"

నేనొప్పుకోలా.
నేల టిక్కెట్టులో ఈలెయ్యాలంటే మొదటిదే,
దగ్గుకి ఎవుడేస్తాడు ఈల?
రెండు టీలు తాగినంతసేపు పోట్లాడుకున్నాం,
డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ఇప్పుడాడ సెల్‌ఫోన్ కవర్లమ్ముతున్నారు.
ఎ సైడు పాట పెళ్లి బ్యాండోళ్లందరికీ వచ్చు.

మొన్న బిట్రగుంట గేటు కాడ
గూడ్సు ఎంతకీ తెగక
బండాపుకుని నిలబడితే
నోట్లో ఏదో కూనిరాగం.
ముందు గుర్తుపట్టలా.
సరిగ్గా ఆ చోటికొచ్చాక
దగ్గాను.