తేలికైన సంచి

ఫార్స్టా స్ట్రాండ్‌లో రైలు ఆగుతుంది.
అక్కడితో పట్టాలు అయిపోతాయి, అవతల సరస్సు.
ఏడు నిమిషాల్లో రైలు వెనక్కి తిరుగుతుంది.
ఆ ఏడూ నావి.

నేను పనిలో చేరిన చలికాలానికి
పత్రిక పుట్టి ఇంకా ఏడాది నిండలేదు.
మెట్ల దగ్గర ఇనప గూట్లో
తెల్లారకముందే దొంతర్లు, పచ్చి సిరా వాసన.
డబ్బు పెట్టె లేదు, అడిగే మనిషి లేడు.
"ఊరికే ఇస్తే ఎవరు చదువుతారే లెతే?" అంది రౌహా,
ఫిన్లాండ్ మనిషి, నా పేరు పూర్తిగా పలకలేని మనిషి.
ఊరంతా చదివింది.
ఉన్ని టోపీల కింద, ఒక చేతి తొడుగు విప్పి.
ఎదుటివాడి మొహం చూడకుండా ఉండటానికి
అంత చవకైన గోడ వాళ్ళకి ఇంకోటి దొరకలేదు.

ఇరవై నిమిషాల చదువు, అంతే.
దిగేటప్పుడు సీటు మీద వదిలేసేవాళ్ళు.
అస్మారాలో ఒక్క పత్రిక పది ఇళ్ళు తిరిగేది,
అందుకని మొదట్లో
పాపం ఎవరో మరిచిపోయారనుకునేదాన్ని.
మరుపు కాదు, మర్యాద:
తర్వాత ఎక్కేవాడికి వెచ్చగా ఉంచడం.

రెండోది వచ్చింది, ఆపైన మూడోది.
ఎర్ర కోటు కుర్రాళ్ళు ఒక మెట్టు మీద,
నీలం కోట్లు ఇంకో మెట్టు మీద,
అందుకోకపోతే చంకలో దోపేవాళ్ళు.
ఆ రోజుల్లో బోగీలో కాలు పెడితే
నేల కనిపించేది కాదు.
బూట్ల నుంచి కారిన మంచు నీళ్ళలో
మంత్రులు, హాకీ, వంకాయ రంగు సోఫా సగం ధరకే,
అన్నీ ఒకటే ముద్ద.
నా కుడి భుజానికి ఆ బరువు ఇప్పటికీ గుర్తు.

ఆ ముద్దలోంచే నేను భాష ఏరుకున్నాను.
నెత్తిన చుక్కలున్న అక్షరాలు రెండు,
సున్నా మోసే అక్షరం ఒకటి.
ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి వాక్యం
వాతావరణం: "రేపు కూడా ఇలాగే ఉంటుంది."
నవంబరు నెలంతా అది నిజమే.

మూడో బోగీ, కిటికీ పక్క సీటు.
ఆకుపచ్చ సిరాతో ఎవరో
గళ్ళ నుడికట్టు సగం నింపి దిగిపోయేవాళ్ళు.
అడ్డం అన్నీ పూర్తి, నిలువు ఖాళీ.
ఆడో మగో తెలీదు.
ఎలాగూ సంచిలోకి పోయేదే అని తెలిసీ
నేనొక నిలువు నింపేదాన్ని.
పొయ్యి ఆరాక మిగిలేది, నాలుగక్షరాలు.
బూడిద. వాళ్ళ భాషలో వచ్చేసింది నాకు!
ఇంటికెళ్ళి పిల్లాణ్ణి లేపి మరీ చెప్పాను.

"ఇవాళ సంచి సగమే," అంది రౌహా ఓ మంగళవారం.
ముందు నీలం కోట్లు పోయాయి, తర్వాత ఎర్రవి.
మిగిలిన ఒక్క పత్రికా చిక్కిపోయింది,
ముప్పై రెండు పేజీలు, ఇరవై నాలుగు, పదహారు,
జ్వరం పడ్డ మనిషి జబ్బ కొలిచినట్టు.
తలలు మునుపటిలాగే వంగి ఉన్నాయి,
చేతుల్లో మాత్రం వెలుగు.
వెలుగుని ఎవరూ సీటు మీద వదిలేసి దిగరు.

బోగీలు శుభ్రంగా రాసాగాయి.
శుభ్రమైన నేల చూసి దిగులుపడే మనిషిని
ఎప్పుడైనా చూశారా?
సూపర్‌వైజర్ చూశాడు. గడియారమూ చూశాడు.
రెండు షిఫ్టులు ఒకటయ్యాయి.
రౌహాకి పూలూ కేకూ. నాకు సగం గంటలు.
ఉచితం అన్నారు గానీ
ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు కదా,
సోఫాలవాడు కట్టినన్నాళ్ళు కట్టాడు,
వాడు మానేశాక ఆ చీటీ నా దగ్గరికొచ్చింది.

ఆఖరి సంచిక ఏ రోజుదో నాకు తెలీదు.
ఇనప గూడు మాత్రం ఇంకా మెట్ల దగ్గరే ఉంది.
దారిలో దొరికిన చేతి తొడుగులు
జనం అందులో పెట్టి పోతున్నారు,
ఒక్కోటి, జత లేకుండా.

నిన్న మూడో బోగీలో
కిటికీ మీద ఆవిరి పట్టి ఉంది.
ఎవరో వేలితో గళ్ళు గీశారు,
అడ్డం మూడు, నిలువు మూడు.
ఏమీ రాయలేదు.
నాకింకా నాలుగు నిమిషాలున్నాయి.
తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది.