మూడో బోగీ

ఉస్మానియా బిస్కెట్ల డబ్బాల
ఐదు బోగీలు పట్టుకొచ్చిండు మొగులప్ప.
"ఫోన్లు బాగుచేస్తవు గద బిడ్డా,
సన్నపని నీకే చాతనైతది.
మూడోది చూడు. దేవరకద్ర రాంగనే ఆరిపోతది."

దేవరకద్ర అంటే వాళ్లింట్ల ప్లైవుడ్ పలక మీద
ఎర్రరంగు పూసిన అగ్గిపెట్టె.
ఇవతల మన్యంకొండ, అది సబ్బుపెట్టె.
అవతల కౌకుంట్ల. దానికి ఇంకా ఏ పెట్టె పెట్టలేదు.

క్లాక్ టవర్ కాడ నా దుకాణంల
భూతద్దం కింద బోగీని బోర్లేసిన.
కడుపు కింద రెండు కంచు రేకులు
ఇరుసును తాకీ తాకనట్టు.
పట్టా నుంచి చక్రానికి, చక్రం నుంచి ఇరుసుకు,
ఇరుసు నుంచి రేకుకు,
రేకు నుంచి ఆవగింజంత బల్బుకు కరెంటు.
మేస్త్రీల చేతులు మారి వచ్చే కూలిపైసల లెక్క,
నడుమ ఎవరో ఒకరు మింగుతరు.

చక్రాలను స్పిరిట్ దూదితోని తుడిస్తే
కాటుక తీరు మసి ఊడింది.
అయినా ఆరింది.
రేకును జర వంచి గట్టిగ ఆనిచ్చిన,
లైటు వెలిగింది, బండి కదల్లేదు.
అంత గట్టిగ పట్టుకుంటే ఇరుసు ఎట్ల తిరుగుతది?
జర వదిలిన,
బండి ఉరికింది, లైటు పోయింది.
పొద్దంతా ఆ వెంట్రుకవాసి కాడనే.
పగిలిన స్క్రీన్లు పట్టుకొని ఇద్దరు గిరాకులు
చూసి చూసి పోయిండ్రు.

"బరువు లేదు దానికి.
అంత తేలికది పట్టాల మీద ఆనదు" అని
అంగీజేబుల నుంచి ఇరవై పైసల ఇత్తడి బిళ్ళ తీసి
సీట్ల కింద అతికించిండు ముసలాయన.

అప్పుడు చెప్పిండు, నేను అడగకుండనే.
ముప్పై ఏండ్లు బోగీల లైట్లు చూసే ఫిట్టరట.
ఒక రాత్రి డ్యూటీ దిగే తొందరల
మూడో బోగీ బ్యాటరీలు ముట్టకుండనే
రిజిస్టర్ల 'లైట్ ఓకే' అని సంతకం పెట్టిండట.
కౌకుంట్ల దాటినంక అన్నీ ఆరినయట.
బెంగుళూరు పనికి పోయేటోళ్లు,
పిల్లలు, గంపలు, సద్దిమూటలు,
గద్వాల దాకా చీకట్లనే.
"ఏం కాలేదు బిడ్డా. ఎవరికీ ఏం కాలేదు.
ఫిర్యాదు బుక్కుల ఒక్క అక్షరం లేదు.
ఉంటే మంచిగుండు."

నేనేం అనలే.
పాత ఫోన్ స్పీకర్ల నుంచి ఒలిచిన తీగలు
రెండో బోగీకి, మూడోదానికి, నాలుగోదానికి కలిపి టాకా వేసిన.
ఒకదాని చక్రం కింద కరెంటు లేని జాగల
పక్కదాని చక్రం కింద ఉంటది.
ఇంత చిన్న ముచ్చటకు పగలంతా పట్టింది నాకు.

రాత్రి వాళ్లింట్ల నడిపినం.
అగ్గిపెట్టె దాటింది.
పట్టాలు చీలే కాడ, ప్లాస్టిక్ ముక్క మీద
ఒక్క రెప్పపాటు
మసకైనట్టు అనిపించింది.
అయ్యిందో, నా కన్నే కొట్టుకుందో.

"రెండు వందలు" అన్న. బిల్లు కావాలన్నడు.
బుక్కు తీసి 'లైట్ ఓకే' అని రాయబోతే
చెయ్యి పట్టుకున్నడు.
"ఇప్పుడే రాయకు.
ఇంక వంద చుట్లు తిరగనీ.
నువ్వు కూసొని చూడు,
నేను చాయ్ పెడత."