నూట పది నిమిషాలు

అబర్డీన్‌లో డిసెంబరు.
ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు,
వచ్చినా గ్రానైటు గోడల మీద
కాసేపు అభ్రకం మెరిపించి
మూడున్నరకల్లా సర్దుకుని పోతాడు.
అందుకే వెలుతురు మేం కొనుక్కున్నాం:
నీలం లేజరు,
అగ్గిపెట్టెంత.

ఒకటి ముప్పై ఆరుకు
సైక్లోట్రాన్ గదిలోంచి ఫెర్గస్ కేకేశాడు.
బరువు ఆక్సిజన్ ఉన్న నీళ్ళను
ప్రోటాన్లతో కొట్టి కొట్టి
ఫ్లోరిన్‌ను పుట్టించాడు.
పుట్టీపుట్టగానే దానికి తరుగు మొదలు.
నూట పది నిమిషాలకు సగం,
ఇంకో నూట పదికి ఆ సగంలో సగం.
గోడ గడియారం వైపు ఎవరమూ చూడం,
అందరికీ వినిపిస్తూనే ఉంటుంది.

సీసపు గోడ వెనక
పసుపు కలిపిన నీళ్ళలాంటి ద్రావణం.
అందులో ఒక బెంజీన్ వలయం,
గొళ్ళెం పెట్టుకుని కూర్చున్న ఇల్లు.
వేడి చేస్తే మొండికేస్తుంది,
ఇంకా వేడి చేస్తే ఇల్లే కూలుతుంది.
నీలం వెలుగు తగిలితే మాత్రం
పసుపు అణువుకు ఎక్కడలేని ఆకలి పుట్టి
వలయం దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ గుంజుకుంటుంది.
హైడ్రోజన్ లేస్తుంది.
ఫ్లోరిన్ కూర్చుంటుంది.
ఇంతే.
ఈ ఇంతకి నాకు నాలుగేళ్ళు పట్టింది.

పదకొండో నిమిషంలో ఫ్యాను ఆగిపోయింది.
ఐల్సా ఇనుప చేతులతో, గాజు ఇవతలి నుంచి,
సీసా చుట్టూ ఐసు ముక్కలు పేర్చింది.
ఒకటి జారింది. తిట్టింది.
స్కాట్లండు తిట్టు,
నాకింకా సగమే అర్థమవుతుంది.

ఈ ఐల్సాయే ఒకసారి అడిగింది,
నీ పళ్ళ మీద ఆ గోధుమ చారలేమిటని.
టీ మరకలనుకుందట.
మర్రిగూడ బోరు నీళ్ళు, అన్నాను.
అక్కడ ఫ్లోరిన్‌కు లేజరు అక్కర్లేదు,
చేతిపంపు చాలు.
మా పెదనాయిన బట్టలు కుట్టేవాడు.
మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సిందే.
సూది కింద పడితే
మిషను ఆపి, నా పేరు పిలిచి,
గోడకేసి చూస్తూ ఉండేవాడు.
నేను వెతికిచ్చేదాన్ని.

పద్దెనిమిది శాతం వచ్చింది.
ఒక్క మనిషికి సరిపోతుంది.
పేరు మాకు చెప్పరు,
బరువు చెప్పారు: ఎనభై నాలుగు కిలోలు.
ఇది ఆయన రక్తంలో తిరిగి తిరిగి
ఎక్కడ ఆగితే అక్కడ బొమ్మ వెలుగుతుంది.
రేపు ఈపాటికి ఆనవాలుండదు,
వచ్చిన దారినే మళ్ళీ ఆక్సిజన్ అయిపోతుంది.

పెదనాయిన బొక్కల్లోనిది వేరే రకం.
దానికి ఓపికెక్కువ.
ఆయన పోయినా అది పోలేదు.

సీసపు డబ్బా మూత బిగించి
టైము రాశాం: మూడు ఇరవై ఆరు.
ఆసుపత్రి వ్యాను లైట్లేసుకుని వెళ్ళింది,
వెనకాలే రెండు సముద్రపు కాకులు, దేనికో.
ఐల్సా సంతకం పెడుతుంటే
పెన్ను జారి కింద పడింది.
ఆమె పక్కనే పడింది.
నేనే ముందు వంగాను.