ఒక్క ముక్కలో చెప్పక్కా

ఆదివారం మూడు గంటలకి
చిత్తూరు చర్చి వీధిలో మా ప్రెస్సు షట్టరు సగమే ఎత్తుతాను.
పూర్తిగా ఎత్తితే పెండ్లి పత్రికలోళ్లు వస్తారు.
సగం ఎత్తితే పిల్లోళ్లే వంగి లోపలికొస్తారు,
చేతుల్లో రబ్బరుబ్యాండు చుట్టిన ‘అడవంచు’ కట్టలు,
జేబుల్లో బొరుగులు, నోటినిండా తగాదా.

మొదటి ప్రశ్న ఎప్పుడూ రేష్మాదే.
"అక్కా, కాణిపాకం ప్రమాణం ముక్క వేస్తే
ఎదుటోడు చేతిలోవన్నీ చూపించాల గదా,
వాడు దాని మింద ఇంకో ప్రమాణం వేస్తే
ఎవురు ముందు చూపించాల?"
ఏడు నెలలు గీసినాను ఈ ఆటని, కత్తిరించినాను,
ఈ సంగతి తట్టనే లేదు.
ఇద్దరూ ఒకేసారి, అన్నాను.
"ఒకేసారి అంటే ఎవురూ చూపించరక్కా" అంది
ముగ్గురు అన్నలున్న పిల్ల.

బాలగురప్పకి గొంతు మారతా ఉంది, కోపం మాత్రం పాతదే.
"పుంగనూరావు బలం మూడు నుంచి రెండుకి ఎందుకు తగ్గించినావు?
పొట్టిదనా?"
కాదబ్బా, అందరూ కట్టనిండా ఆవుల్నే పెట్టుకుంటే
ఆట గొడ్లచావిడి అయిపోయింది.
"నేను ఐదు కొన్నా. మామిడి మండీలో బుట్టలు మోసి కొన్నా."
దీనికి నియమాల కాగితంలో జవాబు లేదు.

తోతాపురి ధర రాత్రికి రాత్రి పడిపోయిన ఏడు
మా నాయన గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
కాయల ట్రాక్టరు కింద రెండు రాత్రులు పండుకున్నాడు.
తెల్లారేసరికి రేటు మార్చేసినోడి మొహం ఎట్లుంటాదో
ఒక్కసారి చూడాలనుండేది నాకు.
ఇదో, ఇట్లుంటాది.

ఇంకొకడు, కరెంటు కంచె వానలో పనిచేస్తాదా అంటాడు.
ఇంకొకతి, బొమ్మలో టపాకాయ విసిరేవాడు ఎడంచేతి వాటం గదా,
వాడికి ఒక పాయింటు ఎక్కువియ్యి అంటాది.
ఒకడికి ప్రశ్నే లేదు,
ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చినాడు.

పలమనేరు బస్సు దిగి వచ్చే లోహిత్
ఎప్పుడూ మాట్లాడడు. ఈరోజు కాగితం తెరిచి చదివినాడు:
"పన్నెండు. ఒంటరి ఏనుగు కందకం దాటలేదు."
ఏనుగు మరీ బలమైపోయిందని నేనే చేర్చినాను ఆ మాట.
నాలుగు పదాల్లో ముగిసిందని మురిసిపోయినాను కూడా.

"మా తాత చేనుకి కందకం ఉన్నిందక్కా."
ఫ్యాను తిరగతా ఉంది.
"గట్టుమన్ను కాలితో తోసుకుంటా, పూడ్చుకుంటా వచ్చింది.
రాగి చేను. తాత కావలి పండుకోనుండె."
ఆ తర్వాతిది వాడు చెప్పలేదు.
బొరుగులు నమిలే చప్పుడు కూడా ఆగింది.

వాడి ప్రశ్న అది కానే కాదు.
"దాటుతాదనే రాయి.
దాటినాక, పండుకున్న మనిషి ముక్కని తీసెయ్యకుండా
ఇంకో నియమం పెట్టు.
పెట్టొచ్చు గదా? ఆట నీదే గదా?"

"ఒక్క ముక్కలో చెప్పక్కా, అవునా కాదా" అంది రేష్మా.

రెండో ముద్రణ నాలుగు వేల కాగితాలు
మూలలో దారం కట్టి ఉండాయి, వాసన ఇంకా ఆరలేదు.
పైదాన్ని తీసి పన్నెండు కొట్టేసినాను.
ఎర్ర పెన్నుతో, ఖాళీ దొరికిన చోట అడ్డంగా రాసినాను:
ఏనుగు దాటుతుంది. అడుగు పెట్టకముందు
చేనులో నిద్రపోయే మనిషికి ఒక వంతు ఇవ్వాలి.

"ఆ వంతులో ఆవుని తోలుకోవచ్చా?" బాలగురప్ప.
తోలుకో.

లోహిత్ తన కట్టలోంచి కావలి మనిషిని వెతికి తీసినాడు.
అంచులు నలిగి, బొమ్మలో దుప్పటి రంగు పోయి
చేతికి మెత్తగా ఉండే ముక్క అది.
దాన్ని చూస్తానే అడిగినాడు:
"ఒక వంతు చాలునా?"

తెలీదు. ఆడి చూద్దాం, అన్నాను.

ఐదున్నర బస్సు పోయింది.
ఇంకోటి ఉందిలే అని
మళ్లీ కలిపి, పంచినాం.