రెండో విడత

మార్చి ఇరవయ్యారున డబ్బులు పడ్డాయి.
ముప్పై ఒకటిలోగా ఖర్చు కావాలి, లేకుంటే వెనక్కి.
అందుకని బెజవాడ ఎండలో
ఐదు రోజుల్లో ఆరొందల మొక్కలు నాటాం
రైవస్ కాలవ గట్టున.
గుంత తీస్తుంటే గడ్డపార గంటలా మోగింది.
నాటినవెన్నో రాయడానికి ఫారంలో గడి ఉంది,
బతికినవెన్నో రాయడానికి లేదు.

పథకం పేరు పెద్దది.
యువత, పర్యావరణం, నైపుణ్యం, ఉపాధి...
బ్యానరుకి రెండు కర్రలు చాలక
ఖాదర్‌వలీ మధ్యలో మూడో కర్రయ్యాడు
ఫోటో అయ్యేదాకా.

శిక్షణ మూడు రోజులు.
తెర మీద కలుపు మొక్కని చూపించి
ఒక పెద్దమనిషి నోరు తిరగని పేరు చెప్పాడు.
సలోమి నా చెవిలో అంది: గుర్రపుడెక్కే కదే?
గుర్రపుడెక్కే.
పువ్వు చూస్తే జడలో పెట్టుకోబుద్ధేస్తుంది.
వేరు పట్టి లాగితే ఊరంతా చేతికొస్తుంది:
సగం కొబ్బరిచిప్ప, వినాయకుడి తొండం,
మందుల అట్టలు, ఎవరిదో పెళ్లి ఆల్బం,
ఒకసారి ఆధార్ కార్డు.
ముఖం చెరిగిపోయింది, చిరునామా చెరగలేదు.
సింగ్‌నగర్, మా వెనక సందే.
సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చాను.
వరదప్పుడు పోయిందమ్మా, కొత్తది వచ్చేసిందిగా, అంది ఆవిడ.
అయినా ఉంచుకుంది. కొంగుతో తుడిచి
గోడ మీది నీళ్ల గీతకి పైన, అలమరలో పెట్టింది.

ముప్పై రెండు జతల బూట్లకి బిల్లు,
వచ్చినవి ముప్పై.
పొద్దుట నాంచారయ్యకి, మధ్యాహ్నం నాకు.
తొమ్మిదో నంబరు. వేళ్ల దగ్గర పాత పేపరు కూరుకునేదాన్ని.
కాలు పెడితే అతని చెమట ఇంకా వెచ్చగా ఉండేది.
మొదట్లో రోత.
మార్గశిరం నాటికి
ఆ వెచ్చదనం కోసమే దిగేదాన్నేమో.

కాలవలో దిగడానికి డిగ్రీ ఎందుకే, అంది అమ్మ.
నిజమే. కానీ ఇప్పుడు నీళ్ల రంగు చూసి
పైన ఎవడు ఏం వదిలాడో చెప్పగలను.
ఒక మలుపులో ముప్పై అడుగులు శుభ్రం చేశాం,
నాలుగో రోజుకి లకుముకి పిట్ట వచ్చి
కేబులు తీగ మీద కూర్చుంది
తనే చెప్పి చేయించుకున్నట్టు.
దాన్ని ఏ పద్దులో రాయాలి?
జీతం తొమ్మిది వేలు. మూడు నెలలకొకసారి,
అదీ రెండు నెలలది.

రెండో విడత రాలేదు.
మొదటి విడత లెక్క తేలితేనే రెండోది.
లెక్క ముప్పై రెండు దగ్గర ఆగింది.

డిసెంబరులో మస్టరు మూసేశారు.
ఆఖరి ఫారంలో ఆఖరి ప్రశ్న:
ఈ కార్యక్రమం వల్ల మీలో వచ్చిన మార్పు,
రెండు వాక్యాలకు మించరాదు.
ఒక్కటే రాశాను. వాసన తెలుస్తోంది.

ఇప్పుడు బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు.
బిల్లు చింపి, నవ్వి, కవరులో పెట్టి ఇస్తాను.
ఆ కవరు ఏ వంతెన కింద తట్టుకుంటుందో
ఏ తూము దగ్గర ఉబ్బుతుందో నాకు తెలుసు.
గుడ్డసంచీ తెచ్చారా అని అడుగుతాను మెల్లగా,
ఓనరు వినకుండా.
రోజుకి ఇద్దరు తెస్తారు. మొన్న ఐదుగురు.

నిన్న నోటీసు వచ్చింది:
సరుకు పుస్తకం ప్రకారం మీ వద్దనున్న బూట్లు
ఒక జత, పది రోజుల్లో వాపసు చేయవలెను.
కుడిది నా దగ్గరుంది.
ఎడమది నాంచారయ్య దగ్గర.
ఆఖరి రోజు ఎందుకో తలా ఒకటి తీసుకున్నాం, నవ్వుకుంటూ.
ఫోన్ చేశాను. ఆటో హోరులో అరిచాడు:
ఆదివారం తెస్తాలే, గట్టు మీదకి రా,
మధురానగర్ వైపు పదకొండు బతికాయి,
బక్కెట్టు నువ్వు తెచ్చుకో.